మద్దెల ఓడు కాదు

“ఆడలేక మద్దెల ఓడు” అన్న సామెత మనకందరికీ కంఠస్థమే. ఓడు అంటే పగిలినది, బీటవారినది. ఓటికుండ అన్నప్పటి ఓడే ఇదీను. ఐతే ఆ సామెతలో మద్దెల పక్షాన మాట్లాడినవారు ఇంతవరకు ఎవరూ నాకు కనపడలేదు. ఈ టపా ఆ పక్షం వహిస్తుంది.

మద్దెల పనసమానును తొలిచి చేసే వాయిద్యం. దాన్ని తొలిచినవాడు అది ఓడు కాకుండా ఏమి జాగ్రత్త తీసుకున్నాడో విచారించకుండానే, “కొయ్య అన్నాక పగలక మానదు, అందులోనూ పచ్చికర్ర అసలే పనికిరాదు” అని తీర్పు చెప్పేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. కొన్నేళ్ల క్రితం దాకా నేనూ వారిలో ఒకణ్ణి. ఆ తీర్పు తప్పని నా వాదన. తప్పు మాత్రమే కాదు, అది మన సోమరితనానికి మనం తొడుక్కున్న వేదాంతపు ముసుగని కూడా నా వాదన.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరాన్ని తాకింది. గాలి తెరిపిచ్చాక వీధిలోకి వచ్చి చూస్తే మా పెందుర్తి మాకే కొత్తగా కనిపించింది. ఎన్నాళ్లుగానో ఎరిగిన చెట్లు రోడ్ల మీద అడ్డంగా పడి ఉన్నాయి. రంపాల చప్పుడు వారాల తరబడి వినపడింది. మా పెరటి పనసచెట్టు ప్రాణం దక్కించుకుంది గాని పెద్దకొమ్మ ఒకటి విరిగిపడింది. వంటచెరకుగా పోనివ్వడానికి మనసొప్పక, ఆ కొమ్మను ముక్కలు కోయించి, ఒక బాడిస, రెండు వంపు ఉలులు సంపాదించి, చేతికి అమరేటంత కొయ్యగిన్నెలు తొమ్మిది చెక్కాను. పచ్చికర్ర వెన్నలా తెగుతుంది. ఇంత సులువైన విద్యను లోకమంతా ఎందుకు వదిలేసిందా అని కించిత్తు గర్వపడ్డాను కూడా. తరవాత వాటిని తీసుకెళ్లి, వడియాలు పెట్టినట్లు, మేడ మీద ఎండలో వరసగా పెట్టాను.

మూడోనాడు మొదటి గిన్నె టప్పున పగిలింది. సంక్రాంతి నాటికి తొమ్మిదింట్లో ఏడు పోయాయి. వాటిని 2015 భోగిమంటలో వేస్తూంటే చూసినవాళ్లందరిదీ ఒకటే ఓదార్పు: “పచ్చికర్ర కదండీ, అంతే.” మా ఇంటి ద్వారబంధాలు చేసిన వడ్రంగి మేస్త్రీ ఒక్కరే మరోమాట అన్నారు. “ఎండలో ఎట్టీసినారేటి బాబూ! పచ్చి బాలింతని గాల్లో కూకోబెడతారేటి?”

ఆ ఒక్క వాక్యంలో ఉన్న శాస్త్రం అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. అర్థమైన మేరకు ఇక్కడ విప్పి చెబుతాను. విని, పగులు కర్ర స్వభావమో మన నిర్వాకమో మీరే తేల్చండి.

అప్పుడే కోసిన కర్రలో నీరు రెండు తీరుల ఉంటుంది. కణాల బోలులో నిండిన నీరు ఒకటి, కణాల గోడలలో ఇంకిన నీరు రెండోది. మొదటిది కుండలోని నీళ్లవంటిది. అది పోయినా కుండ కొలత మారదు. రెండోది తడిబట్టలోని తడివంటిది. అది పోతేనే కర్ర ముడుచుకుంటుంది. పూర్తిగా ఎండిన కర్ర బరువుతో పోల్చి లెక్కగడితే, తేమ సుమారు 30 శాతానికి దిగేవరకు పోయేదంతా బోలులోని నీరే. అప్పటిదాకా కర్ర కుంచించుకోదు, పగలదు. ఆ గీత దాటి కిందికి దిగడంతోనే అసలు కథ మొదలవుతుంది. పచ్చికర్ర చెక్కిననాడు నా గిన్నెలు అంత నిండుగా కనిపించి, రెండ్రోజులు మౌనంగా ఉండి, మూడోనాడు పగలడంలోని రహస్యం ఇదే.

ముడుచుకోవడం కూడా అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. మాను పొడవునా కర్ర దాదాపు ముడుచుకోదు. నూటికి పదోవంతు, మహా ఐతే రెండు పదోవంతులు. నడిబొడ్డు నుంచి బెరడు వైపు సుమారు 4 శాతం ముడుచుకుంటుంది. వలయాల వెంబడి, అంటే చుట్టుకొలత దిశలో, సుమారు 8 శాతం. ఈ అంకెలు చెట్టుజాతిని బట్టి అటూ ఇటూ అవుతాయి గాని, వలయాల వెంబడి ముడుత అడ్డు ముడుతకు ఇంచుమించు రెట్టింపు ఉండడం మాత్రం చాలా జాతులలో కనబడేదే.

ఇప్పుడు ఒక గుండ్రటి దుంగను ఊహించుకోండి. దాని వ్యాసం నూటికి నాలుగు వంతులు తగ్గుతుంది. చుట్టుకొలత మాత్రం నూటికి ఎనిమిది తగ్గాలని చూస్తుంది. గుండ్రం గుండ్రంగానే ఉంటూ ఈ రెండూ జరగడం గణితానికే కుదరదు. ఆ నాలుగు శాతం తేడా ఎక్కడో ఒకచోట బయటపడాలి. 360 డిగ్రీలలో నాలుగు శాతమంటే దాదాపు 15 డిగ్రీలు. గడియారం ముల్లు రెండున్నర నిమిషాలలో తిరిగేటంత మేర. దుంగ చివర మీరు చూసే, బెరడు నుంచి నడిబొడ్డుదాకా నోరు తెరిచిన బీట అదే. అందులో విధి లేదు, శాపం లేదు, కర్ర దుర్గుణం అంతకంటె లేదు.

ఇంకొక సంగతి. కర్రలో నీటి దారులన్నీ మాను పొడవునా నిలువుగా ఉంటాయి. ఆ దారులు తెగి బయటపడిన కోతముఖం నుంచి నీరు పక్కముఖం కంటె పది రెట్లకు పైగా వేగంగా పోతుంది. గిన్నె చెక్కినప్పుడు దాని అంచులలో ఎదురెదురుగా రెండుచోట్ల ఈ కోతముఖాలు బయటపడతాయి. అవి ముందు ఎండి ముడుచుకోవాలని చూస్తాయి. అడుగు, పక్కలు ఇంకా తడిగా ఉండి కదలనివ్వవు. ఈ గుంజులాటలో ఓడిపోయేది గిన్నె.

ఇదంతా మనకు తెలియని నీతి కాదు. కుమ్మరి పచ్చికుండను నీడన ఆరబెడతాడు, ఎండకు పెట్టడు. మా పెందుర్తిలో ఏ వీధికి వెళ్లినా ఏదో ఒక అపార్టుమెంటు లేస్తూంటుంది. స్లాబు వేసిన మర్నాడే దాని మీద మట్టిగట్లు కట్టి నీళ్లు నిలబెడతారు. తొందరగా ఎండితే పగులుతుందని అక్కడి కూలీకి కూడా తెలుసు. ఉక్కునగరంలో పనిచేసేవారినడగండి, ఎర్రగా కాలిన ముద్దను ఒక్కసారిగా చల్లారిస్తే ఏమవుతుందో చెబుతారు. మట్టికి, సిమెంటుకి, ఉక్కుకి మనం చూపే ఈ ఓపిక కొయ్య దగ్గరికి వచ్చేసరికి ఏమైపోతుంది? కొయ్య పగిలితే మాత్రం “దాని స్వభావం” అంటాము. స్లాబు పగిలితే మేస్త్రీ గల్లా పట్టుకుంటాము!

దీనికి పెద్దలు చెప్పే విరుగుడు ఒకటుంది: “కర్ర పూర్తిగా ఎండాకే చెక్కు.” పెద్దరికం ఉట్టిపడే ఈ మాటలో సగం నిజం ఉంది. పలకలుగా కోసి, గాలి తగిలేలా పేర్చి ఆరబెట్టిన కర్రకు అది నిజం. గిన్నెకు కావలసింది పలక కాదు, దళసరి ముద్ద. దుంగను దుంగగానే వదిలేసి ఏళ్లతరబడి ఎదురుచూస్తే లోపల దవ్వతో సహా అది ఎండుతుంది. పైన చెప్పిన 15 డిగ్రీలు ఆ దుంగలోనే బయటపడతాయి. మీరు ఎదురుచూసినది ఎండుకర్ర కోసం, చివరికి చేతికి వచ్చేది ముందే పగిలిన కర్ర. పైగా ఎండిన పనసను చేతి ఉలితో తొలవడమంటే మణికట్లకు శిక్ష. కాబట్టి గిన్నె చెక్కేవాడికి పచ్చికర్ర శత్రువు కాదు. దుంగను పచ్చిగా ఉన్నప్పుడే చీల్చి, దవ్వను తీసివేసి, లోపల తొలిచి పలచబరచడమే పగులుకు మొదటి మందు. పలచని గోడకు వంగే చోటుంటుంది. గుండ్రంగా చెక్కిన గిన్నె ఎండాక కాస్త కోలగా మారి బతికిపోతుంది. దళసరి దుంగకు వంగే దారి లేదు, అందుకే చీలుతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అన్నది పిల్లల పెంపకానికే కాక దీనికీ వర్తిస్తుంది.

మరి విధానమేమిటి? వాదన చేసి వదిలేయడం నాకిష్టం లేదు. రెండో విడతలో నేను పాటించినదీ, ఈ పని తెలిసినవారు లోకమంతా ఇంచుమించుగా పాటించేదీ వరసగా చెబుతాను.

చెట్టు కోసిన నాడే, కాకుంటే ఆ వారంలోపే, పని మొదలుపెట్టాలి. కుదరకపోతే దుంగ రెండు చివరలకూ కరిగించిన మైనమో, దళసరి రంగో పూసి నీడలో ఉంచాలి. చివరలు మూస్తే నీటి దారులు మూసినట్లే. దుంగను గిన్నె పొడవు కంటె నాలుగైదు అంగుళాలు ఎక్కువగా కోసుకోవాలి; చివర పగిలినా ఆ మేర నరికి పారేయవచ్చు. దుంగను దవ్వ మీదుగా నిలువునా రెండుగా చీల్చాలి. చీల్చాక దవ్వ చుట్టూ ఒక వేలెడు మందం కర్ర నిర్దాక్షిణ్యంగా తీసివేయాలి. ఇక్కడ కక్కుర్తి పడితే తరవాత ఏ మంత్రమూ పనిచేయదు.

తరవాత గిన్నెను మోటుగా చెక్కాలి. గోడ మందం అన్నిచోట్లా సమంగా ఉండడం ప్రాణప్రదం. తరిమెన పట్టేవారు గిన్నె వ్యాసంలో పదోవంతు మందం ఉంచుతారు. ఆరు అంగుళాల గిన్నెకు అంగుళంలో ఆరు పదోవంతులన్నమాట. చేత్తో చెక్కే చిన్నగిన్నెకు అంతకన్న తక్కువైనా చాలు. కొత్తవాళ్లందరమూ చేసే పొరపాటు ఒకటే: అంచు పలచగా, అడుగు దిమ్మలా వదిలేస్తాము. అంచు వారంలో ఎండుతుంది, అడుగు నెలకు గాని ఎండదు. పగులు పుట్టేది ఆ తేడాలోనే. పని మధ్యలో అన్నానికి లేచినా గిన్నెను తడిగుడ్డలో చుట్టి లేవాలి. పంకా కింద వదిలిపెట్టి కునుకు తీస్తే, లేచేసరికి సన్నని వెంట్రుక గీత ఒకటి నవ్వుతూ కనిపిస్తుంది.

మోటుగా చెక్కిన గిన్నెను, దాని నుంచి వచ్చిన చెక్కుపొట్టుతోనే కలిపి కాగితపు సంచిలో పెట్టి, గాలి విసురు తగలని మూల ఉంచాలి. ప్లాస్టిక్ సంచి పనికిరాదు. మన సముద్రపుగాలి ఊళ్లలో రెండ్రోజులకే బూజు పడుతుంది. తడిసిన పొట్టును మొదట్లో ఒకటి రెండు రోజులకోసారి మార్చాలి. వారానికోసారి వంటింటి కాటా మీద గిన్నెను తూచి, బరువును దాని అడుగునే పెన్సిలుతో రాసుకోవాలి. మొదట్లో బరువు గబగబా పడిపోతుంది, తరవాత నెమ్మదిస్తుంది. వరసగా రెండు మూడు వారాలు బరువు మారకపోతే గిన్నె ఇంటిగాలితో సమాధానపడిందని అర్థం. పలచని గిన్నెకు నెలా నెలన్నర, దళసరిదానికి మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. చివరి చెక్కుడు, నునుపు పట్టడం అప్పుడే. కొందరు మోటుగిన్నెను గంటసేపు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లలోనే చల్లారనిచ్చి, తరవాత ఆరబెడతారు. ఉడుకుకు కర్ర మెత్తబడి లోపలి బిగువులు సడలుతాయి.

చివరగా నూనె. కొబ్బరినూనె ఎన్నాళ్లున్నా గట్టిపడదు, కడిగినప్పుడల్లా పోతూంటుంది. అవిసెనూనె గాలికి గట్టిపడి పొర కడుతుంది. ఐతే రంగుల కొట్లో అమ్మే “కాచిన” అవిసెనూనెలో త్వరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు. తినే పాత్రకు అది కూడదు. గానుగ నుంచి తెచ్చిన పచ్చినూనె పలచగా పూసి, వారాలపాటు ఆరనివ్వాలి. ఇక్కడ కూడా ఓపికే.

ఇంత చేశాక రెండో విడతలో పదకొండు గిన్నెలకు పగిలినది ఒక్కటి. అదీ దవ్వ మిగిలిపోయినదే, నా కక్కుర్తే. చెట్టు మారలేదు, ఊరు మారలేదు, నా చేతివాటం కూడా పెద్దగా మెరుగుపడలేదు. మారినదల్లా ఆరబెట్టిన తీరు. ఇక కర్ర స్వభావమన్న వాదనకు మిగిలినదేమిటి?

ప్రతివాదుల పక్షాన కొంత ఒప్పుకోవలసినదీ ఉంది. అన్ని కర్రలూ ఒకటి కావు. యూకలిప్టస్ మానులో పెరిగేటప్పుడే బిగువులు పేరుకొని ఉంటాయి. నరికిన వెంటనే చివరలు చీలుతాయి. మన తీరం వెంబడి విరివిగా పెంచే సరుగుడు కూడా చీలడంలో ఘనాపాఠీ. వాటితో గిన్నె చెక్కబోయి కర్రను తిట్టడం ఆముదపు చెట్టుకు దూలం కట్టి ఇల్లు కూలిందని ఏడవడం వంటిది. కర్రను ఎంచుకోవడం కూడా పనిలో భాగమే. ఉత్తరాన ఫిన్లండు, స్వీడన్ల ఉత్తరభాగాలలో సామీ జనులు కుక్స అనే చేతిగిన్నెను బూర్జచెట్టు బుడిపె నుంచి చెక్కుతారు. బుడిపెలో నార నిలువుగా ఉండక అడ్డదిడ్డంగా అల్లుకొని ఉంటుంది కాబట్టి చీలడానికి తిన్నని దారి దొరకదు. ఎంత గడుసు ఎంపికో చూడండి!

మనవాళ్లు తక్కువ తిన్నారా? ఏటికొప్పాక మా పెందుర్తికి దూరం కాదు. అనకాపల్లి మీదుగా వెళ్లి ఎలమంచిలి దాటాక వరాహనది ఒడ్డున వస్తుంది. 2022 జిల్లాల విభజనలో అది అనకాపల్లి జిల్లాకు పోయింది, పెందుర్తి విశాఖ జిల్లాలోనే మిగిలింది. అక్కడి లక్కపిడతలకు, కుంకుమ భరిణెలకు వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, సన్ననినారతో ఉంటుంది. దాన్ని ఆరబెట్టి, తరిమెన మీద తిప్పుతూ ఉలితో రూపు దిద్ది, తిరిగే బొమ్మకు లక్కకడ్డీ అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి పొరగా పరుచుకుంటుంది. ఆ పొర రంగు మాత్రమే కాదు, తేమ రాకపోకలకు తలుపు కూడా. ఐతే తలుపు వేసేముందు లోపల ఎవరున్నారో చూసుకోవాలి. తడికర్ర మీద లక్క వేస్తే లోపలి తేమ పోయేదాకా పోతూనే ఉంటుంది, కర్ర ముడుచుకుంటుంది, పైన లక్క చిట్లుతుంది.

కొండపల్లిలో తెల్లపొణికి కర్రను సన్నని సెగ మీద కాచి, తేమ పోగొట్టాకే బొమ్మ చెక్కుతారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసమొద్దును తొలిచి ఏకాండి వీణ చేస్తారు. కుండ, దండి కలిసి ఒకే కర్ర. నా తొమ్మిది గిన్నెల పక్కన ఆ వీణను ఊహించుకుంటే సిగ్గు వేస్తుంది. కర్ర పగలడమే దాని స్వభావమైతే ఆ వీణ ఏనాడో ఓడు కావలసినది.

ఇక నా అసలు తగాదాకు వస్తాను. అది కర్రతో కాదు, మనతోనే.

ఎగ్జిబిషనులో కొన్న కొయ్యసామాను ఇంటికి తెచ్చిన కొద్దినెలలకే పగిలిందని ఫిర్యాదు చేసేవారిని ఎరుగుదును. బీటలలో రంపపుపొట్టు, జిగురు కూరి పైన రంగు కొట్టిన గిన్నెలు నేను స్వయంగా కొన్నాను కూడా. అది మోసమే, కాదనను. కొండపల్లివారు చింతగింజల జిగురు, రంపపుపొట్టు కలిపిన మక్కు వాడతారు గదా అంటారేమో. వారు విడివిడిగా చెక్కిన కాళ్లూ చేతులూ అతకడానికి, ఆకారం తీర్చడానికి బాహాటంగా వాడతారు. అది పద్ధతి. లోపాన్ని దాచి అమ్మడానికి కూరేది వేరు.

కాని ఆ మోసానికి మూలమెక్కడ? చిన్న లెక్క వేసి చూద్దాము. నెలకు వంద గిన్నెలు చేసే పనివాడు ఒక్కొక్కదాన్ని మూడు నెలలు ఆరబెట్టాలనుకుంటే, ఏ రోజు చూసినా అతని ఇంట్లో మూడువందల గిన్నెలు అమ్ముడుపోకుండా కూర్చొని ఉండాలి. కర్ర కొన్న డబ్బు, చెక్కిన కూలి, ఉంచే చోటు, అన్నీ మూడు నెలలపాటు కదలకుండా ఇరుక్కుపోవాలి. రోజు గడవని మనిషి ఆ మూడు నెలలు ఎక్కడి నుంచి తెస్తాడు? అప్పు తేవాలి, లేదా పచ్చిదే అమ్మాలి. మనం బేరమాడి వదిలించే యాభై రూపాయలు కర్రలోంచో పనితనంలోంచో తగ్గవు. ఆ ఆరబెట్టే రోజుల్లోంచి తగ్గుతాయి, ఎందుకంటే కంటికి కనపడనిది అదొక్కటే. “ఈ మాత్రం చెక్కముక్కకు ఇంత ధరా?” అని మనమంటాము. ఆ ధరలో సగం చెక్కముక్కది కాదు, అది కదలకుండా కూర్చున్న కాలానిది. ఇంటికొచ్చాక గిన్నె పగిలితే, మనం బేరమాడి మిగిల్చుకున్న కాలమే ఆ బీటలోంచి తొంగిచూస్తూంటుంది.

ఏటికొప్పాకకు గౌరవాలు తక్కువ కాలేదు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పసుపు, నీలి, జాఫ్రా వంటి సహజమైన రంగులను లక్కపనికి మళ్లీ తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ వీథిలో మన రాష్ట్ర శకటం ఏటికొప్పాక బొమ్మలదే. ఇవన్నీ సంతోషించవలసినవే, నేనూ సంతోషించాను. కాని భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది, కర్రను ఆరబెట్టదు. కొయ్యపని చేసే ఏ ఊరికైనా, వానకు తడవని, ఎండ సోకని, పనివాళ్లందరూ కర్ర పేర్చుకోగల ఒక ఉమ్మడి చావడి, అందులో పెట్టిన సరుకు మీద కొంత బయానా ఇచ్చే ఏర్పాటు, ఈ రెండూ ఉంటే పగుళ్లు సగానికి సగం తగ్గుతాయని నా నమ్మకం. దానికి శకటమంత ఖర్చు కూడా కాదు.

కొనేవారిగా మన వంతు కూడా ఉంది. బొమ్మ తిప్పి చూసి “ఎంత?” అని మాత్రమే అడిగే అలవాటు మానుకుందాము. “కర్ర ఎప్పుడు కోసింది? ఎన్నాళ్లు ఆరింది?” అని అడుగుదాము. అడిగేవాడుంటే ఆరబెట్టేవాడికి విలువ పెరుగుతుంది. జవాబు నిజాయితీగా ఇచ్చినవాడి దగ్గర బేరమాడకుండా కొందాము.

దూరదేశాల్లో ఉన్న మిత్రులకు ప్రత్యేకంగా ఒక మాట. మా విశాఖ గాలిలో తేమ ఎక్కువ. ఇక్కడ ఎంత ఆరబెట్టినా కర్ర 14, 15 శాతం తేమ దగ్గర ఆగిపోతుంది. అదే గిన్నెను మీరు అమెరికాలో చలికాలంలో హీటరు పెట్టిన ఇంటికి పట్టుకెళితే అక్కడి గాలికి తగ్గట్టు ఆరేడు శాతానికి దిగుతుంది. మళ్లీ ముడుచుకుంటుంది, కొన్నిసార్లు పగులుతుంది కూడా. ఊరిని, పనివాణ్ణి తిట్టుకోకండి. పెట్టె విప్పగానే గిన్నెను హీటరు గాలికి ఎదురుగా అలమరలో పెట్టకుండా, కాగితంలో చుట్టి ఒకటి రెండు నెలలు నెమ్మదిగా అలవాటు పడనివ్వండి. కొత్త దేశం వెళ్లినప్పుడు మీకు పట్టిన వ్యవధి దానికీ ఇవ్వండి.

ఓపిక ఎంతవరకంటే, స్వీడన్‌వాళ్లను చూడండి. 1628లో మొదటి ప్రయాణంలోనే మునిగిన వాసా అనే యుద్ధనౌకను 1961లో పైకి తీశారు. మూడువందల ముప్ఫైమూడేళ్లు నీటిలో నిలిచిన కొయ్యకు గట్టెక్కాక వచ్చిన పెద్ద ముప్పు ఎండిపోవడం! ఊరకే ఆరనిస్తే ఓడంతా ముడుచుకొని పగిలిపోతుందని, నీరు పోయిన చోటల్లా నిలిచేలా పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనపు పదార్థాన్ని దాని మీద పదిహేడేళ్లపాటు చిమ్మారు. ఒక ఓడ ఓడు కాకుండా పదిహేడేళ్లు! మనం గిన్నెకు మూడు నెలలివ్వలేమా?

“నిదానమే ప్రధానం” అనీ, “ఆలస్యం అమృతం విషం” అనీ రెండూ మన సామెతలే. ఎవరి అవసరానికి తగినది వారు వాడుకుంటారు. ఈ పనిలో రెండూ నిజమే. చెట్టు కోశాక చీల్చడంలో ఆలస్యం విషం. చీల్చి చెక్కాక ఆరబెట్టడంలో నిదానం ప్రధానం. మనం సరిగ్గా తలకిందులుగా చేస్తాము. కర్రను అడితిలో ఏళ్లపాటు పడవేసి, గిన్నెను ఒక్కరోజులో ఎండనివ్వాలనుకుంటాము.

చివరగా, రాసేవాళ్లమైన మనల్ని మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది. లక్కపిడతల మీద తెలుగులో వచ్చిన స్మృతిగీతాలకు, కన్నీటి వ్యాసాలకు కొదవలేదు. అమ్మమ్మ కొనిచ్చిన లక్కపిడత, తిరునాళ్ల లక్కపిడత, పోగొట్టుకున్న లక్కపిడత. నేనూ ఒకటి రాసి ఉన్నాను, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. వాటిలో ఒక్కదానిలోనైనా ఆ పిడత ఎందుకు పగలలేదో రాశామా? దవ్వ తీయాలని, చివరలు మూయాలని, నీడన ఆరాలని తెలిసినవాళ్లు మనకు ఎదురుగానే ఉన్నారు. వాళ్ల మాటను వినకుండా వాళ్ల వస్తువు మీద వియోగశృంగారం ఒలకబోయడం నాకిప్పుడు ఎబ్బెట్టుగా తోస్తున్నది. మా మేస్త్రీ పచ్చి బాలింత మాట ఏ పుస్తకంలోనూ చదివినది కాదు. ఆయన అనకపోయి ఉంటే, అని నేను వినకపోయి ఉంటే, పదకొండు గిన్నెలు కూడా భోగిమంట పాలే.

అందుచేత ఒక విన్నపం. మానులో నడిబొడ్డున ఉండే మెత్తని భాగాన్ని నేనిక్కడ దవ్వ అన్నాను. నార తిరిగిన దిక్కుకు, కోతముఖానికి, వెంట్రుకవాసి పగులుకు, నోరు తెరిచిన పగులుకు మీ ప్రాంతపు వడ్రంగులు వేరువేరు మాటలు వాడుతూ ఉండవచ్చు. ఈసారి ఊరెళ్లినప్పుడు అడిగి, తెలుసుకొని, వ్యాఖ్యలలో రాయండి. నా లెక్కలో తప్పుంటే అదీ చెప్పండి. ఒక్క షరతు: “కర్ర అన్నాక పగులుతుందండీ” అని మాత్రం రాయకండి. ఆ మాట నేను ఏడు గిన్నెలిచ్చి కొనుక్కున్నాను, ఇంక నాకు అక్కరలేదు.